హెడ్ గ్యాస్కెట్ పోయిన వేళ

కారున్న ఉద్యోగి కుటుంబాలలో ఒక విచిత్రమైన అలవాటు కనిపిస్తుంది. పెట్రోలు ముల్లును యజమాని మొదలు పిల్లల వరకు అందరూ చూస్తారు. దాని పక్కనే ఉండే ఉష్ణోగ్రత ముల్లును మాత్రం ఎవరూ చూడరు. మేమూ చూడలేదు. దాని ఫలితం 1996 జూన్ 7వ తేదీ శుక్రవారం, మిట్టమధ్యాహ్నం, దక్షిణ ఢిల్లీలోని ఆశ్రమ్ కూడలిలో మాకు దక్కింది.

అప్పటికి ఆ కూడలిలో పైవంతెన లేదు, అది 2001లో వచ్చింది. నోయిడాలోని మా కాలనీ నుండి నిజాముద్దీన్ వంతెన మీదుగా యమున దాటి దక్షిణ ఢిల్లీకి వెళ్ళేవారందరికీ ఆశ్రమ్ దగ్గర అరగంట ఆగడం నిత్యకృత్యం. వెనుక సీటులో మా తండ్రిగారు ఉన్నారు. గుంటూరు జిల్లాలోని స్వగ్రామం నుండి రేడియేషన్ చికిత్స కోసం ఆయనను తీసుకువచ్చాము. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు సాగవలసిన చికిత్స అది. మధ్యలో రోజులు తప్పితే ఫలితం తగ్గుతుందని వైద్యులు ముందే హెచ్చరించారు. మాకు ఆ ప్రయాణానికి ఆధారం 1989 నాటి మారుతి 800 ఒక్కటే. ఆ ఎండలో, ఆ నీరసంలో, బ్లూలైన్ బస్సులో ఆయనను నిలబెట్టడం ఊహకు కూడా అందని విషయం. మెట్రో రైలు ఢిల్లీకి 2002లో గాని రాలేదు, నోయిడాకు రావడానికి 2009 వరకు ఆగవలసి వచ్చింది.

ఆగి ఉన్న కారులో మొదట ఇంజిను తడబడింది. తరువాత బానెట్ అంచుల నుండి ఆవిరి లేచింది. వెనుకనున్న స్కూటరు ఆయన కిటికీ దగ్గరకు వచ్చి, సైలెన్సరు నుండి తెల్లటి పొగ వస్తోందని చెప్పి వెళ్ళాడు. అప్పుడు చూశాము, ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాటి ఉంది. మేము చూస్తుండగానే అది కిందికి దిగసాగింది. "హమ్మయ్య, చల్లబడుతోంది" అనుకున్నాము. ఇంతకంటే పెద్ద పొరపాటు మరొకటి ఉండదని తరువాత తెలిసింది. ఉష్ణోగ్రతను కొలిచే సెన్సరు నీటిలో మునిగి ఉన్నంత వరకే నిజం చెబుతుంది. నీరంతా పోయి అది ఆవిరిలో మిగిలినప్పుడు, ఇంజిను కాగిపోతున్నా ముల్లు దిగిపోవచ్చు.

తండ్రిగారిని ఆటోలో ఆసుపత్రికి పంపి, కారును తాడు కట్టి లాగించుకుని కాలనీకి చేర్చాము. దారిలో ఒక మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ఇంజిను మొత్తం దింపాలని, వారం పడుతుందని, మా నెల జీతానికి మించిన అంచనా ఒకటి చెప్పాడు. వారం రోజులు కారు లేకుండా గడిచే పరిస్థితి మాది కాదు.

గ్యాస్కెట్ అంటే ఏమిటి?

మా పిల్లలు అడిగిన ప్రశ్నే ఇది. పాఠకుల ఇళ్ళలోని పిల్లలకు కూడా ఉపయోగపడుతుందని వివరిస్తున్నాము. ఇంజినులో కింది భాగం బ్లాకు, దానిలో పిస్టన్లు కదులుతాయి. పై మూత హెడ్డు, అందులో వాల్వులు ఉంటాయి. ఈ రెండింటి నడుమ మిల్లీమీటరుకు అటూ ఇటూ మందం గల ఒక పలక ఉంటుంది. అదే హెడ్ గ్యాస్కెట్. ఒకే పలక మూడు వేర్వేరు లోకాలను విడదీస్తుంది. ఒక రంధ్రంలో రెండువేల డిగ్రీలు దాటే మంట, వాతావరణ పీడనానికి ముప్ఫై నలభై రెట్ల ఒత్తిడి. దాని పక్క రంధ్రంలో తొంభై డిగ్రీల నీరు. మరొక రంధ్రంలో ఆయిలు. సిలిండరుకూ సిలిండరుకూ మధ్య ఈ పలక వెడల్పు వేలెడు కూడా ఉండదు. సాధారణంగా అక్కడే అది ముందుగా కాలిపోతుంది.

అయితే గ్యాస్కెట్ దానంతట అది పోవడం అరుదు. అల్యూమినియం వేడికి వ్యాకోచించే తీరు పోత ఇనుము కంటే ఇంచుమించు రెండు రెట్లు. అల్యూమినియం హెడ్డు హద్దు మీరి కాగినప్పుడు పెరగబోతుంది, బోల్టులు దానిని పెరగనివ్వవు. అప్పుడది వంగుతుంది. వంగిన చోట పలక మీద బిగింపు సడలుతుంది, మంటకు దారి దొరుకుతుంది. గ్యాస్కెట్ పోయిందంటే నేరస్థుడు దాదాపు ఎప్పుడూ వేరే చోట ఉంటాడు: తిరగని ఫ్యాను, తెరుచుకోని థర్మోస్టాట్, కారుతున్న నీటి పంపు, లేదా సున్నం పేరుకున్న రేడియేటర్.

మా కారు గురించి ఒక మాట. 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ తొలి మారుతి 800 తాళం చెవులను ఢిల్లీ వాసి శ్రీ హర్‌పాల్ సింగ్ చేతికి అందించారు. గుర్గావ్ కర్మాగారం నుండి వచ్చిన ఆ చిన్న కారు 796 సి.సి., మూడు సిలిండర్ల ఇంజినుతో, 2014 జనవరిలో ఉత్పత్తి ఆగే వరకు, మధ్యతరగతి ఇళ్ళ ముందు తులసికోట వలె నిలిచింది. హెడ్డు తేలిక, బానెట్ కింద చేయి పట్టే చోటు ఉంటుంది, విడిభాగాలు వీధి వీధిలో దొరికేవి. ఇంటి ముంగిట హెడ్డు దింపగలమని మాకు ధైర్యం కలగడానికి అదే కారణం.

రోగ నిర్ణయం

కాలనీలో మా పై అంతస్తులో ఉండే మిత్రుడు మన సంస్థలోనే నిర్వహణ విభాగంలో ఇంజనీరు. పంపులు, కంప్రెసర్లు విప్పడంలో చేయి తిరిగినవాడు. శనివారం ఉదయం ఆరు గంటలకే స్వంత పనిముట్ల పెట్టెతో దిగి వచ్చాడు. మా తండ్రిగారు వరండాలో పేము కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయన యౌవనంలో పొలం మీద ఆయిల్ ఇంజిను నడిపిన మనిషి. గ్యాస్కెట్ పోతే పట్టణం నుండి షీటు తెప్పించి, కత్తెరతో కత్తిరించి వేసుకున్న కాలం ఆయనది.

"ముందు పోయింది గ్యాస్కెట్టే అని రూఢి చేసుకోండి. తెల్ల పొగ వచ్చిందని హెడ్డు దింపకూడదు" అన్నారు ఆయన.

ఆ మాటలో ఎంతో నిజముంది. ఢిల్లీలో జనవరి ఉదయం ప్రతి కారూ తెల్లటి ఆవిరి వదులుతుంది, అది చలికి గడ్డకట్టిన తేమ మాత్రమే. ఇంజిను వేడెక్కాక కూడా ఆగకుండా వస్తేనే అనుమానించాలి. జూన్ నెల మధ్యాహ్నం వచ్చిందంటే అనుమానం బలపడినట్లే. అలాగే ఆయిలు పోసే మూత కింద మీగడ వంటి పదార్థం కనిపిస్తే ఆయిలులో నీరు కలిసిందని అంటారు. శీతకాలంలో రోజూ రెండు కిలోమీటర్లే నడిచే కారులో తేమ వల్ల కూడా ఆ మీగడ ఏర్పడుతుంది. ఆయిలు కొలిచే కడ్డీని తీసి చూడాలి. దాని మీద కూడా కాఫీ రంగు ఆయిలు అంటుకుని ఉంటే సందేహం లేదు, ఇక ఇంజినును ఒక్క క్షణం కూడా నడపకూడదు. నీరు కలిసిన ఆయిలు బేరింగులను తినివేస్తుంది. మా అదృష్టం బాగుండి కడ్డీ మీద ఆయిలు శుభ్రంగానే ఉంది.

తరువాత రేడియేటర్ పరీక్ష. ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. వేడి ఇంజినుపై రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితిలోను తీయరాదు. ఆ మూత లోపల ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. సుమారు 0.9 కిలోల ఒత్తిడిలో నీరు వంద డిగ్రీలకు మరగదు, 118 దాకా ఆగుతుంది. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, లోపలి నీరంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కనీసం గంటసేపు ఆగి, చేతితో తాకి చల్లగా ఉన్నదని నిశ్చయించుకుని, మందపాటి గుడ్డతో తీయాలి. మరొకటి: కాగిపోయిన ఇంజిను మీద చన్నీళ్ళు కుమ్మరిస్తే పోయేది గ్యాస్కెట్ మాత్రమే కాదు, హెడ్డే పగలవచ్చు.

చల్లని ఇంజినులో నీరు నింపి, మూత తీసి ఉంచి, స్టార్టు చేశాము. కొద్ది సెకన్లలోనే బుడగలు వరుస కట్టాయి. మొదట్లో నాలుగైదు బుడగలు రావడం సహజం, లోపల చిక్కిన గాలి అది. మావి ఆగలేదు, ఇంజిను వేగం పెంచిన కొద్దీ ఉధృతం అయ్యాయి. సిలిండరులోని వాయువు నీటిలోకి చొరబడుతున్నదన్న మాట. ఈ వాయువును పసిగట్టే నీలిరంగు ద్రావకం ఒకటి మార్కెట్లో దొరుకుతుంది. రేడియేటర్ నోటి మీది గాలిని దాని గుండా పీల్చినప్పుడు నీలం పసుపుగా మారితే దహన వాయువు ఉన్నట్లు. మా దగ్గర అది లేదు. మిత్రుని వద్ద కంప్రెషన్ గేజ్ ఉంది.

స్పార్క్ ప్లగ్గులు మూడూ తీశాము. మూడవది గోధుమ రంగులో, ఉండవలసిన విధంగా ఉంది. ఒకటవ, రెండవ ప్లగ్గులు కడిగినట్లు మెరుస్తున్నాయి. సిలిండరులోకి చేరిన నీరు ఆవిరై ప్లగ్గును ఇలా కడుగుతుంది. కాయిల్ తీగ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, స్టార్టరుతో తిప్పుతూ కొలిస్తే మూడవ సిలిండరులో 12 కిలోలు, మొదటి రెండింటిలో ఆరు, ఆరున్నర వచ్చింది. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో ఒకేసారి ఒత్తిడి పడిపోతే అది రింగుల అరుగుదల కాదు, వాటి మధ్య గోడ కూలిందని అర్థం.

"ఇక హెడ్డు దింపవచ్చు" అన్నారు తండ్రిగారు, తామే సంతకం చేస్తున్నట్లు.

మొదటి ప్రయత్నం

కశ్మీరీ గేట్ విడిభాగాల బజారుకు వెళ్ళి గ్యాస్కెట్ సెట్టు తెచ్చాము. ఆదివారం తెల్లవారుజామున పని మొదలైంది. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పడం, నీరు దింపడం, ఎయిర్ క్లీనరు, గొట్టాలు, తీగలు తొలగించడం వరకు పెద్ద విద్య ఏమీ లేదు. మా అమ్మాయి ప్రతి తీగకు, ప్రతి గొట్టానికి కాగితపు ముక్క అంటించి అంకెలు వేసింది. బోల్టులను అట్టముక్కకు రంధ్రాలు చేసి, ఏ చోటివి ఆ చోటనే గుచ్చింది. ఆ రోజు జరిగిన పనులన్నింటిలోకి లోపం లేనిది అదొక్కటే.

టైమింగ్ బెల్టు తీసేముందు గుర్తులన్నీ ఒక వరుసకు తెచ్చి, సుద్దతో మళ్ళీ గీసుకున్నాము. హెడ్డు బోల్టులను ఒక్కొక్కటిగా పూర్తిగా విప్పకూడదు. అంచుల నుండి మధ్యకు, తలా కాస్త చొప్పున, రెండు మూడు దఫాలుగా సడలించాలి. అదీ ఇంజిను పూర్తిగా చల్లారిన తరువాతనే. లేకపోతే వంగని హెడ్డు కూడా వంగుతుంది.

హెడ్డు ఎత్తగానే కథ కళ్ళకు కట్టింది. పాత గ్యాస్కెట్‌పై ఒకటవ, రెండవ సిలిండర్ల మధ్య బొగ్గులాంటి నల్లటి చార, అక్కడి నుండి నీటి రంధ్రం వరకు మరొక సన్నని చార. కారణం కూడా దొరికింది. రేడియేటర్ ఫ్యాను తీగ కలిసే ప్లాస్టిక్ కనెక్టరు కాలి కరిగి ఉంది. కారు పరుగెడుతున్నంతసేపు ఎదురు గాలి ఇంజినును కాపాడింది. ఆశ్రమ్‌లో ఆగేసరికి కాపాడేవారు లేరు. దానికి తోడు ఏడేళ్ళుగా మేము పోసినది బోరు నీరు. నోయిడా బోరు నీటి సంగతి ఇక్కడి గృహిణులకు మేము చెప్పనక్కరలేదు, గిన్నెల అడుగున పేరుకునే ఆ తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాలలోను పేరుకుంది.

కనెక్టరు మార్చాము. బ్లాకు, హెడ్డు ముఖాలు శుభ్రం చేశాము. నాటి గ్యాస్కెట్లలో చాలావాటికి ఆస్‌బెస్టాస్ వాడేవారు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని గుర్తుంచుకుని, పాత ముక్కలను పొడిగా గీకకుండా, గరుకు కాగితంతో రుద్దకుండా, తడిపి చెక్క ముక్కతో మెల్లగా తీయాలి. ఇనుప గీకుడు అల్యూమినియం మీద గీత పెడితే ఆ గీతే రేపటి కాలువ.

అప్పుడు తండ్రిగారు అడిగారు: "ఒరేయ్ అబ్బాయ్, హెడ్డు మీద రూళ్ళకర్ర ఆనించి చూశారా?"

మిత్రుడు హెడ్డును వెలుతురుకు ఎత్తి పట్టి కంటితో చూశాడు. మేమూ చూశాము. "చదునుగానే ఉంది బాబాయిగారూ" అన్నాడు. ఖరాదు దుకాణం ఆదివారం మూసి ఉంటుంది, సోమవారం ఉదయం పదింటికి ఆసుపత్రిలో ఉండాలి. నిజానికి మేము చూడదలచుకున్నదే చూశాము. తండ్రిగారు మరి మాట్లాడలేదు.

సాయంత్రానికి అమర్చాము. కారు గొప్పగా నడిచింది. మిఠాయిలు కూడా పంచాము.

రెండవ ప్రయత్నం

తొమ్మిది రోజులు. జూన్ 18, మంగళవారం, ఆసుపత్రి నుండి తిరిగి వస్తుండగా ముల్లు మళ్ళీ లేచింది. ఈసారి ముల్లునే చూస్తూ నడుపుతున్నాము కనుక వెంటనే పక్కకు తీసి ఇంజిను ఆపాము. ఫ్యాను తిరుగుతూనే ఉంది. చల్లారాక మూత తీసి చూస్తే అవే బుడగలు. తండ్రిగారు ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

మరునాడు ఆసుపత్రికి మిత్రుని కారులోనే వెళ్ళారు. మేము రెండు రోజులు సెలవు పెట్టి మళ్ళీ హెడ్డు దింపాము. ఈసారి ఉక్కు స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ సంపాదించాము. హెడ్డు నిడివికి రెండు అంచుల వెంట, అడ్డంగా, మూల నుండి మూలకు ఆ ఉక్కు పట్టీని ఆనించి, కింద దూరే రేకు మందం చూడాలి. ఇలాంటి చిన్న హెడ్డుకు సాధారణంగా 0.05 మిల్లీమీటరు దాటకూడదు. ఒకటి, రెండు సిలిండర్ల మధ్య మాకు 0.15 రేకు హాయిగా దూరింది. కంటికి ఇది కనిపించదు. వెంట్రుక రెండు మూడింతలు మందం ఉంటుందేమో, అంతే. కాని మంటకు అది రాచబాట.

హెడ్డును స్కూటరుపై పెట్టుకుని ఖరాదు దుకాణానికి తీసుకువెళ్ళాము. ఆయన దానిని యంత్రం మీద పట్టించి, వంపు పోయేంత వరకు మాత్రమే లోహాన్ని చెక్కి ఫేసింగ్ చేశాడు. చెక్కిన కొద్దీ కంప్రెషన్ పెరుగుతుంది, వాల్వులు పిస్టన్లకు దగ్గరవుతాయి. అందుచేత ఎంత చెక్కవచ్చునన్న దానికి మాన్యువల్‌లో హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటిన హెడ్డును వదిలివేయడమే మంచిది. పగుళ్ళు లేవని కూడా ఆయనచేతనే పరీక్ష చేయించాము.

అమరికలో మొదటిసారి మేము చూడని మరొక తప్పును మిత్రుడు కనిపెట్టాడు. బ్లాకులోని బోల్టు రంధ్రాలలో నీరు, ఆయిలు మిగిలి ఉన్నాయి. ద్రవం నలగదు. దాని మీద బోల్టు బిగిస్తే పానా బిగిసినట్లే చెబుతుంది, హెడ్డు మాత్రం బిగియదు. ఒక్కొక్కసారి బ్లాకే చిట్లుతుంది. ప్రతి రంధ్రాన్ని గుడ్డతో తుడిచి, సైకిలు పంపుతో గాలి కొట్టాము. మరలు శుభ్రం చేసి, సన్నగా ఆయిలు పూశాము. కొత్త గ్యాస్కెట్‌ను, ఎటువైపు పైకి ఉండాలో సరిచూసి, గ్రీజు గాని జిగురు గాని లేకుండా పొడిగా పరిచాము. పొలం ఇంజినుకు ఆనాడు లక్క పూసేవారట, దీనికి అక్కరలేదంటే తండ్రిగారు చాలాసేపు నమ్మలేదు.

బిగింపు విప్పడానికి తలకిందులు: మధ్య బోల్టుల నుండి మొదలుపెట్టి సుడి తిరిగినట్లు అంచులకు, మూడు విడతలుగా. మాన్యువల్‌లో ఆ ఇంజినుకు ఇచ్చిన సంఖ్య వరకు, టార్క్ రెంచ్‌తోనే. చేతి అంచనా ఎంత అనుభవజ్ఞునికైనా పనికిరాదు. బెల్టు గుర్తులు కలిపాక, స్టార్టరు ముట్టుకోకుండా, ఇంజినును పానాతో చేత్తో రెండు చుట్లు తిప్పి, ఎక్కడా తగలడం లేదని, గుర్తులు మళ్ళీ కలిశాయని చూశాము. వాల్వు క్లియరెన్సులు సరిచేసి, ఆయిలు, ఫిల్టరు మార్చాము.

రేడియేటర్‌ను విడిగా కడిగించి, ఈసారి బోరు నీరు కాక, డిస్టిల్డ్ వాటరులో కలిపిన కూలెంటు పోశాము. ఇంట్లో పిల్లలు, వీధిలో కుక్కలు ఉన్నవారికి ఒక మనవి. కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కడుపులోకి పోతే మూత్రపిండాలను చంపుతుంది. పారబోసినది గిన్నెలో వదలకూడదు, నేల మీద ఒలికితే అప్పుడే కడగాలి. జూన్ ఎండలో హీటరు పూర్తిగా తెరిచి, మూత తీసి, ఇంజిను నడుపుతూ లోపలి గాలి పోయేవరకు కూర్చున్నాము. హీటరు గొట్టాలలో గాలి చిక్కితే అదొక కొత్త కాపు. అంతసేపు ఆ వేడిలో మాతో కూర్చున్నది మా అమ్మాయి ఒక్కతే. బుడగలు నాలుగు వచ్చాయి, ఆగాయి. ఫ్యాను దానంతట అది తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది.

నేటి కార్ల సంగతి వేరు. ఇప్పుడు చాలా ఇంజిన్లలో ఉక్కు పొరల గ్యాస్కెట్ వస్తున్నది. అది ఆనే ముఖం అద్దంలా ఉండాలి. హెడ్డు బోల్టులను చాలావాటిలో కోణం లెక్కన సాగేలా బిగిస్తారు, ఒకసారి విప్పినవి మళ్ళీ వాడరాదు. చుట్టూ సెన్సర్లు, ఇరుకు చోటు. అటువంటి ఇంజిను హెడ్డును ఇంటి ముంగిట దింపమని మేము ఎవరికీ సలహా ఇవ్వము. కాని బుడగలు, ప్లగ్గులు, ఆయిలు కడ్డీ, ఫ్యాను చూసుకోవడం ఇప్పటికీ ఇంట్లోనే చేయవచ్చు. ఆ నాలుగూ చూసుకుని వెళితే గ్యారేజీలో "ఇంజిను మొత్తం" అన్నప్పుడు ఎందుకని అడగగలుగుతారు. హెడ్డు ఫేసింగ్ జరిగిందా, ఎంత వంపు ఉన్నది, అసలు కాగడానికి కారణమేమిటి అన్న ప్రశ్నలు కూడా బిల్లు కట్టేముందే అడగాలి.

జూన్ 21, శుక్రవారం, మా కారు మళ్ళీ ఆశ్రమ్ కూడలిలో ఆగింది. పావుగంట కదలలేదు. వెనుక సీటు నుండి తండ్రిగారు ముందుకు వంగి, మా భుజం మీదుగా ముల్లును చూస్తూ కూర్చున్నారు. అది సగం దగ్గర నిలిచి ఉంది. చికిత్సలో ఒక్క రోజు కూడా తప్పలేదు. జూలైలో అది పూర్తి కాగానే, విజయవాడ వెళ్ళే జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి ఆయనను న్యూఢిల్లీ స్టేషనుకు ఆ కారులోనే తీసుకువెళ్ళాము. బండి కదిలే ముందు కిటికీలో నుండి ఆయన చెప్పిన మాట: "ఐదువందల కిలోమీటర్లు తిరిగాక నీళ్ళు, ఆయిలు మళ్ళీ ఒకసారి చూడండి. ఈసారి కంటితో కాదు, కొలిచి."